మేష్టారి అమ్మాయికి మంచినీళ్ళు

మొన్న ఆదివారం చర్చి అయ్యాక మా తమ్ముడు ప్రసాదు, వాడి కూతురు శైలజ గుడివాడ నుంచి బందరులో మా ఇంటికి వచ్చారు. ముందుగా ఫోన్ చెయ్యలేదు. వాడు చెప్పకుండా వచ్చాడంటే నా చేత ఎవరికో ఏదో చెప్పించడానికి వచ్చాడన్నమాట, చిన్నప్పటి నుంచీ వాడి తీరు అంతే. చెప్పులు విప్పీ విప్పకముందే, "అక్కా, దీనికి నువ్వే చెప్పు. నా మాట తలకెక్కించుకోవట్లా," అన్నాడు. శైలజ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ పూర్తి చేసింది. ఉత్తరాదిన ఒక పెద్ద పరిశోధన సంస్థలో పీహెచ్‌డీ సీటు వచ్చింది, అయిదారేళ్ళు పడుతుంది. ఈలోగా విజయవాడలో ఒక జూనియర్ కాలేజీ వాళ్ళు లెక్చరర్‌గా చేరమంటున్నారు. ఏదో ఒకటి శుక్రవారంలోగా తేల్చాలి. ప్రసాదుకి గుండెలో స్టెంటు వేసి ఆరు నెలలు కూడా కాలేదు. పిల్ల విజయవాడలో ఉంటే పిలిస్తే పలుకుతుందని వాడి ఆశ. "నువ్వు నాన్న కోసం పీహెచ్‌డీ మానుకోలా? ఏం తక్కువైంది నీకు? ముప్పయ్యేళ్ళు పాఠాలు చెప్పావు, బజారుకెళ్తే సగం మంది లేచి నిలబడతారు. ఆ సంగతే దీనికి చెప్పు," అన్నాడు.

నేను కాఫీ పెడతానని వంటింట్లోకి వెళ్ళిపోయాను. మా బంధువుల్లో ఈ కథ తెలియనివాళ్ళు లేరు. ఆడపిల్లలు పై చదువులంటే చాలు, నా పేరు బయటికి తీస్తారు. యూనివర్సిటీలో ఫెలోషిప్పుతో సీటు చేతిలో పెట్టుకుని, తండ్రికి ఆయాసమని వదులుకుని, గుడివాడలో చిన్న ఉద్యోగానికి కుదురుకున్న త్యాగమూర్తిని నేను. పెళ్ళిళ్ళలో, సంతాప సభల్లో ఈ మాట విని తల వంచుకుంటే, వినయం అనుకుని ఇంకా మెచ్చుకునేవారు. నేను ఒక్కసారి కూడా కాదనలేదు. ఆ రోజు పాలు పొంగి స్టవ్ మీద పోతుంటే చూస్తూ నిలబడ్డాను. ఇక్కడ రాస్తున్నది ఆ తర్వాత హాల్లోకి వచ్చి వాళ్ళిద్దరికీ చెప్పిన సంగతే.

మాది మొవ్వకు దగ్గర్లో చిన్న ఊరు. నాన్న చర్చి బడిలో మేష్టారు. పాస్టరుగారు రాలేని ఊళ్ళకు ఆదివారాలు సైకిలు మీద వెళ్ళి ప్రార్థన నడిపేవాడు. దివిసీమలో సముద్రం దాకా ఆయనను ఎరగని మా వాళ్ళ పేట లేదు. తెల్లవారకముందే లేచి గొంతెత్తి కీర్తన చదివేవాడు, ఆయాసం వల్ల చరణం మధ్యలో ఆగి, ఊపిరి తీసుకుని, ఆగిన మాట దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టేవాడు. వంటింట్లో ఊక పొయ్యి వాసన, ఆయన పెట్టెలోంచి కర్పూరం వాసన, మూలనున్న ఇత్తడి బిందె దగ్గర తడిమట్టి వాసన, మా ఇల్లంటే నాకు ఈ మూడే. ఆ బిందె గురించి కాస్త చెప్పాలి. మా వైపు ఇళ్ళలో నీళ్ళు రెండు రకాలు. పెరట్లో బోరింగు కొడితే వచ్చేవి వాడుకనీళ్ళు. ఉప్పగా ఉండేవి, సబ్బు నురగ వచ్చేది కాదు, వాటితో కందిపప్పు పెడితే గంటన్నరకీ పలుకుగానే ఉండేది. మంచినీళ్ళు కాలవ అవతల చెరువు నుంచి అమ్మా నేనూ మోసుకొచ్చేవాళ్ళం. అమ్మ వాటిలో పటిక ముక్క నాలుగు చుట్లు తిప్పి, తేరిన తర్వాత పాత చీర ముక్కతో వడగట్టి ఆ బిందెలో పోసేది.

ఎండాకాలంలో చెరువు అడుగంటితే మేం వాడుకనీళ్ళే తాగేవాళ్ళం. బిందె మూత మాత్రం గడప తొక్కిన చుట్టం కోసమే తీసేది అమ్మ. ఒకసారి నేను పరధ్యానంలో, నాన్న కోసం వచ్చిన ఒక పెద్దాయనకు బోరింగు నీళ్ళు గ్లాసుతో ఇచ్చాను. పాపం, ఆయన మొహం మారకుండా మొత్తం తాగి గ్లాసు కింద పెట్టాడు. ఆయన వీధి మలుపు తిరిగాక అమ్మ నా వీపు విమానం మోత మోగించింది. "ఉప్పునీళ్ళు పోసి పంపించారని ఊరంతా చెప్పుకుంటారు కదే, మా పరువు తీశావు కదే," అంటూ తానే ఏడ్చింది. ఇప్పుడు బందరులో మా వీధిలో ఏ గుమ్మం ముందు చూసినా ఇరవై లీటర్ల టిన్ను. చుట్టానికీ ఇంట్లోవాళ్ళకీ అవే నీళ్ళు, అతిథికి ప్రత్యేకంగా ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. అదీ మంచికే అనుకుంటాను. ఏమైనా, చుట్టానికి ఏ నీళ్ళిస్తారో నాకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. పుస్తకాలు పట్టుకోకముందే నా వీపుకి తెలుసు.

ఎమ్మెస్సీ తర్వాత యూనివర్సిటీలో ఎమ్‌ఫిల్‌లో చేరినప్పుడు మా గైడుగారు నాకు దివిసీమ ఊళ్ళలో భూమిలోని నీళ్ళు ఎంత ఉప్పగా ఉన్నాయో కొలిచే పని ఇచ్చారు. ఊరూరూ తిరిగి సీసాల్లో నీళ్ళు పట్టుకొచ్చి, లాబ్‌లో ఒక్కో సీసాలోంచి కొంచెం తీసి, సిల్వర్ నైట్రేటు చుక్క చుక్కగా వెయ్యాలి. ముందుగా కలిపిన రంగు మందుతో పసుపుపచ్చగా ఉన్న నీళ్ళు ఇటుక రంగుకి తిరిగేదాకా వేస్తూ పోవాలి. ఉప్పు ఎక్కువైతే ఎక్కువ పడుతుంది. ఆ మందు తగిలి నా వేళ్ళ చివర్లు నల్లబడిపోయేవి, ఎంత తోమినా వదిలేవి కావు. సెలవలకి ఇంటికొస్తే నాన్న నా చెయ్యి పట్టుకుని వచ్చినవాళ్ళకి చూపించేవాడు. సీసాల మీద అంటించే చీటీలన్నీ ఆయనే రాసేవాడు. పాత ఉత్తరాల కవర్లు చించి, సమంగా కత్తిరించి, గుండ్రటి అక్షరాలతో ఊరి పేరు, ఇంటి నంబరు రాసి, మైదా జిగురుతో అంటించి ఎండలో ఆరబెట్టేవాడు. చదువుకోవడం నా పనీ, చీటీలు ఆయన పనీ అన్నట్టుండేది. అంత సంతోషంగా ఆయన ఇంకేపనీ చెయ్యగా నేను చూడలేదు.

హంసలదీవి వైపు, ఉప్పుకయ్యల పక్కన ఒక పేట ఉంది. దాని పేరు రాయను. అక్కడ అందరూ కూలిపని చేసుకునే మా సంఘం వాళ్ళే. మిగతా ఊళ్ళలో నేనే బోరింగు కొట్టి సీసాలు నింపుకున్నాను. ఆ పేటకి వెళ్ళిన రోజు మాత్రం ఎండకి తల తిరిగింది. అప్పటికే మూడు ఊళ్ళు తిరిగి ఉన్నాను, అవనిగడ్డ వెళ్ళే బస్సు తప్పిపోతుందని భయం. ప్రార్థన మందిరం అరుగు మీద కూలబడి, చుట్టూ చేరిన ఆడవాళ్ళకి సీసాలు పంచి, "మీమీ ఇళ్ళలో నీళ్ళు పట్టుకురండమ్మా, యూనివర్సిటీకి తీసుకెళ్ళాలి," అన్నాను. మేష్టారి అమ్మాయి వచ్చిందని పేటంతా కదిలింది. అరగంటలో ముప్పై సీసాలూ తుడిచి, మూత బిగించి నా ముందు పెట్టారు. నేను ఎవరి పెరట్లోకీ వెళ్ళలేదు. పని ఎంత తొందరగా తెమిలిందో అని సంతోషపడ్డాను.

లాబ్‌లో ఆ సీసాలు నాలుగు చుక్కలకే ఎర్రబడ్డాయి. చుట్టూ ఊళ్ళన్నీ ఉప్పుకషాయం, మధ్యలో ఈ ఒక్క పేట తియ్యగా ఉంది. మళ్ళీ చేశాను, మళ్ళీ అదే వచ్చింది. మా గైడుగారు ఆ పట్టిక చూసి కుర్చీలోంచి లేచారు. "చూశావామ్మా! ఆ పేట కింద పూర్వం కృష్ణ పాయ పారి ఉంటుంది. పైన ఇసక కప్పేసింది, కింద తీపినీరు నిలిచి ఉంది. ఇన్నేళ్ళ సర్వీసులో నాకే తట్టలేదు. నీ పీహెచ్‌డీ నీకు దొరికిందమ్మా," అన్నారు. ఆయన మంచి మనిషి, విద్యార్థి పనిని తన పేరున రాసుకునే రకం కాదు. ఫెలోషిప్పుకి ఆయనే కాగితాలు నింపారు. నాకు రాత్రీ పగలూ ఆ కనపడని నది తప్ప వేరే ధ్యాస లేదు. లోకంలో ఎవరికీ తెలియని ఒక సంగతి నాకు తెలుసు అనుకోవడంలో ఎంత మత్తు ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. నేను దానికే పుట్టాననుకున్నాను. నాన్న ఆదివారం ప్రార్థన ముగించి, కళ్ళజోడు తీసి, "మా అమ్మాయి డాక్టరవుతోంది. సూది వేసే డాక్టరు కాదు, నీళ్ళ నాడి చూసే డాక్టరు," అని సంఘమంతటికీ చెప్పాడు.

సీటు వచ్చింది, చేరడానికి నెల గడువుంది. ఈసారి ఇంకా ఎక్కువ సీసాలతో ఆ పేటకి వెళ్ళాను. రోహిణీ ఎండలు. నాన్న ప్రార్థనకి వెళ్ళినప్పుడల్లా భోజనం పెట్టే సువార్తమ్మ అన్నం తినందే కదలనివ్వనంది. చేతులు కడుక్కోవడానికి ఆమె పెరట్లో బోరింగు కొట్టి, అలవాటుగా నోరు పుక్కిలించాను. నోట పెట్టలేనంత ఉప్పు.

"పిన్నీ, ఈ బోరింగు కొత్తగా వేశారా?" అన్నాను.

"కొత్తదేంటమ్మా, నా పెళ్ళప్పటిది. అప్పట్నుంచీ ఉప్పే. గొడ్లు కూడా మూతి పెట్టవు."

"మరి ఆ రోజు నాకు సీసాలో పోసిచ్చినవి?"

"అయ్యో, నీకు ఈ నీళ్ళు ఎట్టా ఇస్తామే తల్లీ! మేష్టారి కూతురివి, మొదటిసారి మా ఊరొచ్చి నోరు తెరిచి నీళ్ళడిగావు. చెరువు నీళ్ళు పోశాం. మా బిందె అడుగంటితే మార్తమ్మ ఇంట్లో సగం చెంబు అడిగి తెచ్చి మరీ నింపా."

"అందరూ అంతేనా?"

"అందరం అంతే. ఆ సీసాలు పైన పెద్దోళ్ళు చూస్తారంటివిగా, మా పేట పరువేం కావాల?" అంటూ ఆమె నా కంచంలో పప్పు వడ్డించింది. "అయినా నీ చేతి చలవ, మాకు ఇక్కడే మంచినీళ్ళ చెరువు తవ్విస్తారంటగా. ప్రెసిడెంటుగారు చెప్పారు. బిందెడు నీళ్ళకి రానూ పోనూ గంటన్నర నడుస్తన్నాం. నా కోడలికి ఆరో నెల. దాన్ని ఎన్నాళ్ళని ఆపను?"

కంచం పక్కకి జరిపాను. సువార్తమ్మ నా మొహం చూసి వడ్డించడం ఆపి, "ఏమ్మా, మేం ఏమన్నా తప్పు చేశామా?" అంది. "లేదు పిన్నీ," అన్నాను. తప్పు వాళ్ళది కాదని నా ఉద్దేశం, కానీ ఆ మాట అక్కడితో ఆపెయ్యడం నా తప్పు. పెట్టెలో ఖాళీ సీసాలున్నాయి. పొద్దు ఇంకా చాలా ఉంది. ఇల్లిల్లూ తిరిగి బోరింగు నీళ్ళు నింపుకుంటే గంటన్నరలో అయిపోయే పని. ఒక్క సీసా కూడా నింపలేదు. నింపితే అవి లాబ్‌లో ఏం చెబుతాయో తెలుసు. ఖాళీ సీసాలతోనే బస్సెక్కాను.

మర్నాడు గైడుగారి గదికి చెప్పడానికే వెళ్ళాను. దేవుడి మీద ఆన, చెప్పడానికే వెళ్ళాను. ఆయన నన్ను చూడగానే కుర్చీ చూపించి, నేను నోరు తెరవకముందే, మా పట్టిక ఇంజనీర్లకి ఇచ్చామని చెప్పారు. ఏ ఊళ్ళకి ముందు మంచినీళ్ళ చెరువులు తవ్వాలో తేల్చడానికి వాళ్ళు దాన్ని పక్కన పెట్టుకుని కూర్చున్నారట. "నీ తీపినీళ్ళ పేటని లిస్టులోంచి తీసేసి వేరే ఊరు పెట్టారు. అవసరం ఉన్నవాళ్ళకి అందుతాయి. పరిశోధన అంటే ఇలా పనికిరావాలమ్మా," అన్నారు. ఆయన మొహం వెలిగిపోతోంది. నేను నా నల్లటి వేళ్ళ వంక చూస్తూ కూర్చున్నాను. ఆయన తలవంపులు, నా ఎమ్‌ఫిల్ పట్టా, నాన్న సంఘంలో చెప్పిన మాట, నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో కూడా చూసుకోని పరిశోధకురాలని తోటివాళ్ళ నవ్వులు, అన్నీ ఒక్కసారే కళ్ళముందు తిరిగాయి. సువార్తమ్మ కోడలు మాత్రం తిరగలేదు. అదీ నా బుద్ధి. చివరికి నా నోట్లోంచి వచ్చిన మాట, "నాన్నకి ఆయాసం ఎక్కువైందండీ, నేను చేరలేను," అని.

చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను, తప్పు చేశాను కనుక ఆ చదువుకి అర్హత లేదని వదులుకున్నానని, అదే నాకు శిక్ష అని. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆలోచిస్తే, నేను చేరి ఉంటే రెండో ఏడు కాకపోతే మూడో ఏడైనా ఆ పేటలో మళ్ళీ నీళ్ళు పట్టాల్సి వచ్చేది, తప్పు బయటపడేది, లిస్టు మారేది. నేను మానెయ్యడం వల్లే ఆ పట్టిక అలా చెక్కుచెదరకుండా నిలిచిపోయింది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. పరిశోధన మానడం కాదు, పారిపోవడం నేను చేసింది.

గుడివాడలో ఒక ప్రైవేటు కాలేజీలో చేరాను. యూనివర్సిటీలో చెప్పిన అబద్ధం నాకంటే ముందే ఇంటికి చేరింది. మా ఊరి పిల్లవాడొకడు అక్కడ చదివేవాడు, వాడు చెప్పాడు. నాన్న నన్నేమీ అడగలేదు. సంఘంలో డాక్టరు మాట మళ్ళీ ఎత్తలేదు. నేను శనివారాలు ఇంటికొచ్చినప్పుడు ఆయనకు దగ్గు తెర వస్తే, నాకు వినపడకుండా పెరట్లో గడ్డివాము అవతలికి వెళ్ళి, అక్కడ వంగి దగ్గి, మొహం కడుక్కుని వచ్చేవాడు. నాకు వినపడేది. "నీ వల్ల కాదు నాన్నా" అని ఒక్క మాట అంటే చాలు. అంటే, మరి ఎందుకని అడుగుతాడు. ఆ ప్రశ్నకి భయపడి మూడేళ్ళు ఆ దగ్గు విన్నాను. మూడో ఏడు చలికాలంలో పోయాడు.

ఇదంతా ఒక్క గుక్కలో చెప్పాను. కాఫీలు చల్లారిపోయాయి. ప్రసాదు కిటికీలోంచి వీధిలోకి చూస్తున్నాడు. "కాబట్టి నా త్యాగం చూపించి పిల్లని ఆపకురా. అక్కడ త్యాగం ఏమీ లేదు," అన్నాను. శైలజ వైపు తిరిగి, "నువ్వు వెళ్ళు. తప్పు చేస్తావు, అందరూ చేస్తారు. చేసినప్పుడు అక్కడే ఉండు," అన్నాను. పిల్ల నన్ను అసహ్యించుకుంటుందనుకున్నాను. అది మాత్రం ఇలా అడిగింది.

"అత్తా, మరి ఆ పేటకి తర్వాతైనా చెరువు వచ్చిందా?"

"తెలియదు."

"ఎవర్నీ అడగలేదా?"

అడగలేదు. ఇక్కణ్ణుంచి బస్సులో రెండు గంటల దారి. ఉద్యోగంలో వేసవి సెలవలు, రిటైరయ్యాక రోజులన్నీ నావే. కాన్పుకి ముందు ఆ కోడలు బిందె ఎత్తిందో లేదో, ఏమైందో కూడా తెలియదు. పేపర్లో ఆ మండలం పేరు కనపడితే పేజీ తిప్పేసేదాన్ని. అది కూడా చెప్పాను. శైలజ తల ఊపి, "నేను చేరుతున్నాను నాన్నా," అంది. గొంతు పెంచలేదు. ప్రసాదు లేచి చెప్పులు వేసుకున్నాడు.

భోజనం చేసి వెళ్ళమంటే వాడు వద్దన్నాడు. శైలజ ముందు వెళ్ళి ఆటో మాట్లాడుతోంది. గేటు దగ్గర వాడు ఆగాడు, నా వంక చూడకుండా గేటు గొళ్ళెం పట్టుకుని అన్నాడు.

"ఆ చివరి వారం నాన్నని నేను బందరు ఆస్పత్రికి తీసుకెళ్తానని బండి కూడా పిలిచానక్కా. నాన్న మంచం పట్టె వదల్లా. 'ఆస్పత్రంటే అక్క కాలేజీ మానుకుని వచ్చి కూర్చుంటుందిరా. దాని చదువు ఒకటి మింగాను, ఇంక చాలు,' అన్నాడు. బండి తిప్పి పంపించేశా. అక్కకి చెప్పకురా, బాధపడుద్ది అన్నాడు. అందుకే ఇన్నాళ్ళూ చెప్పలా."